అంటు

ఆమె తలుపు తీసింది, మోచేతుల దాకా సబ్బు నురగ.
"అంట్లు తోముతున్నా, ఆగు" అంది స్తమెంకా.
తర్వాత నా చేతిలోని రంగు డబ్బా చూసి
ఇక ఆగమనలేదు.

క్యుస్తెండిల్ దిగువన, స్త్రుమా నది మలుపులో
నూట నలభై ప్లమ్ చెట్లు.
మే నెల. ఆకులింకా లేతవే.
ఒకటి కోసి ఎండకెదురుగా పట్టాను.
పచ్చదనం లోపల పాలిపోయిన ఉంగరాలు,
తడి గ్లాసు తీసేశాక బల్లమీద మిగిలే మచ్చల్లా.
ల్యాబు కాగితం జేబులోనే ఉండిపోయింది.
"షార్కా" అని తనే అంది.
ఈ లోయలో ఆ మాట పిల్లలకీ తెలుసు:
మనుషుల్ని వదిలి చెట్లను పట్టుకున్న మశూచి.
పూత బాగానే పూస్తుంది, పిందె బాగానే పడుతుంది,
పండాల్సిన వారానికి ముందు వారం
సొట్టలు పడి, జిగురు కారి, నేలంతా పండ్లు.

"ఎవరు తెచ్చారు?"
దొంగ పేరు అడిగినట్టే అడిగింది.
కొమ్మ చివర ముడుచుకున్న ఆకు విప్పి చూపించాను.
పేనుబంక. పచ్చగా, మెత్తగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ,
తల్లుల కడుపులో పిల్లలు,
ఆ పిల్లల కడుపులో అప్పుడే ఇంకా పిల్లలు.
తీపి కోసం చీమల కాపలా.
నలిపేయడానికి ఆమె బొటనవేలు ముందుకొచ్చింది.

"ఇవి కాకపోవచ్చు" అన్నాను.
ఇవి కాపురం పెట్టినవి.
ఇక్కడే తాగి, ఇక్కడే కని, చాలావరకు ఇక్కడే పోతాయి.
తెచ్చింది ఇంకేదో.
రెక్కలొచ్చి, ఏ బఠాణీ చేనుకో పోతూ
దారిలో ఎవరిదో జబ్బు ఆకు మీద వాలి,
అక్కణ్నుంచి లేచి నీ చెట్టు మీద వాలింది.
సూదిమూతి తాకించింది.
ఎంతసేపంటావా?
ఉప్పు చాలిందా అని నువ్వు
గరిటె నాలుకకు ఆనించుకున్నంతసేపు.
నచ్చలేదు.
పక్క చెట్టు. అదీ నచ్చలేదు.
దాని పక్కది.
మందు కొట్టినా, అది చచ్చేలోపు
రుచి చూడటం అయిపోతుంది.

పేరులో బంక ఉంది గానీ
మన కొంప ముంచింది
అంటుకోకుండా పోయినది.

స్తమెంకా చేతుల మీద నురగ ఆరిపోయి
తెల్లటి గీతలు మిగిలాయి.
"మరి మా మామ?" అంది.

వెలిన్. ఈ వరసలో మొదటి చెట్టు ఆయన నాటిందే.
ఫిబ్రవరిలో కొమ్మలు కోసి, తడి గోనెలో చుట్టి
అడిగిన ఇంటికల్లా ఇచ్చేవాడు, డబ్బు పుచ్చుకునేవాడు కాదు.
వంతెనకవతల పదకొండు ఇళ్లు.
తనే వెళ్లి అంటు కట్టేవాడు,
కత్తిని రకియాలో కడిగి, మిగిలింది తాగి,
ఇంటి వాళ్లను తిట్టి, నవ్వి.
"ఆ కొమ్మల్లోనూ ఉండేదా?"

ఉండేదనడానికి నా దగ్గర కాగితం లేదు.
లేదనడానికీ లేదు.
రంగు డబ్బా మూత తీయబోయాను. బిగుసుకుపోయింది.
ఆమె లోపలికెళ్లి ఒక చెంచా తెచ్చిచ్చింది.

"కొండవైపు పూయి" అంది.
"వంటింటి కిటికీలోంచి కనబడకుండా."

నిబంధన ప్రకారం గుర్తు దారివైపు ఉండాలి,
రంపం వాళ్లకు తేలిగ్గా తెలియడానికి.
కొండవైపే పూశాను.
ముప్పైఏడు చెట్లు.
వెలిన్ చెట్టు ఆఖరున,
అదీ తను కోళ్లకు గింజలు వేయడానికి వెళ్లినప్పుడు.

వెళ్లేముందు చిన్న గ్లాసులో నిరుటి రకియా పోసింది.
రాలిన పండ్లదే. తీపి తక్కువట,
సీసా నిండాలంటే రెండింతల పండ్లు కావాలట.
పెదవి తడిపి కింద పెట్టాను.
వంతెనకవతల ఇంకా పదకొండు ఇళ్లున్నాయి,
ప్రతి ఇంట్లోనూ ఒక గ్లాసు పోస్తారు,
ఎక్కడా కూర్చోలేను.

చెంచా అంచుకు ఎర్రరంగు పట్టింది.
కడిగి ఇస్తానన్నాను.
"వద్దులే" అంది అందుకుంటూ,
"ఎలాగూ అంట్లు మిగిలే ఉన్నాయి."